మార్చిలోనే బాతులు వెళ్ళిపోతే వలస తగ్గినట్టేనా? సిరొంచ వైపు ఎండాకాలపు పక్షుల గురించి

తమ్ముడూ, నువ్వు అడిగినవి మూడు సంగతులు. అంకీసా దగ్గర మీ ఊరి చెరువులో పోయినేడు మార్చి ఆఖరుదాకా ఉన్న బాతులు ఈయేడు రెండో వారానికే కనబడకుండా పోయాయి, వలస తగ్గిపోతోందా, ఎండలు ముదరడమే కారణమా అన్నది మొదటిది. బాతులు పోయాక వానలు పడేదాకా మన వైపు చూడడానికి ఏం మిగులుతాయన్నది రెండోది. రాసిపెట్టుకోవాలంటే ఎలా రాయాలన్నది మూడోది. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచ, అహేరి తాలూకాల్లోనూ, నది అవతల తెలంగాణలోని కాళేశ్వరం, మహదేవ్‌పూర్ వైపూ ఏళ్ళుగా పక్షులు చూస్తున్నవాణ్ణి. తెలిసినంత వివరంగా చెబుతాను.

ముందు సూటిగా జవాబు. ఒక్క చెరువు, రెండేళ్ళు చూసి వలస పెరిగిందనీ చెప్పలేం, తగ్గిందనీ చెప్పలేం. మీ చెరువు తొందరగా ఖాళీ కావడానికి నేనైతే మొదట నీళ్ళ లోతు చూస్తాను, ఆ తర్వాతే ఎండ సంగతి.

మీ చెరువుకి వచ్చేవాటిలో ఎక్కువ భాగం సూదితోక బాతు, చెంచా ముక్కు బాతు, కామన్ టీల్, గార్గనీ. ఇవి మునిగి ఈదే రకాలు కావు. తల నీళ్ళలోకి వంచి, తోక పైకెత్తి, మెడ అందినంత లోతులో బురద వెతుక్కుంటాయి. జానెడు నుంచి మూరెడు లోపు నీళ్ళుంటేనే వాటికి మేత. వానలు బాగా పడి ఫిబ్రవరిలో కూడా చెరువు మత్తడిదాకా నిండి ఉంటే, నడి చెరువంతా వాటికి పనికిరాని నీళ్ళే. అంచుల వెంట కాస్త మేసి, శిఖంలో, అంటే చెరువు లోపలి నేల మీద, నీళ్ళు పల్చబడిన ఇంకో చెరువు వెతుక్కుంటాయి. ఇటు మిరప తోటలకి మోటార్లు పెట్టి నీళ్ళు తోడేస్తే, వారం పది రోజుల్లో మేత చోటు బురదై, ఆ బురద ఎండి నెర్రెలిస్తుంది. అప్పుడూ పోతాయి. ఈ రెంటికీ వలసతో సంబంధం లేదు.

ఇంకో చిక్కు ఉంది. చుట్టుపక్కల చెరువులన్నీ ఎండి మీ చెరువు ఒక్కటే మిగిలితే, నాలుగు చెరువుల బాతులూ అక్కడే చేరతాయి. కట్ట మీద నిలబడి చూసేవాడికి ‘ఈయేడు ఎన్ని వచ్చాయో’ అనిపిస్తుంది. నిజానికి అది నీటి కరువు చూపించే గుంపు. పోయినేడు మార్చి చివర నువ్వు చూసింది అలాంటి గుంపేనేమో కనుక్కో. ఆ నెల పక్క ఊళ్ళ చెరువుల్లో నీళ్ళున్నాయా, చేపల సొసైటీ వాళ్ళు మీ చెరువులో వలలు ఏ వారంలో వేశారు, ఈ రెండూ ఊళ్ళో పెద్దవాళ్ళని అడిగితే చెబుతారు. గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లాల్లో పాత మాల్‌గుజారీ కాలపు, అంటే శిస్తు వసూలు చేసే దొరల నాటి, చెరువులు వందల్లో ఉన్నాయి. పక్షులకి అవన్నీ కలిపి ఒకే ఊరు. అందులో ఒక్క ఇల్లు చూసి ఊరి జనాభా లెక్క కట్టలేం.

ఎండ సంగతి. చంద్రపూర్ వైపు మే నెలలో 47 డిగ్రీలు దాటిన రోజులు ఉన్నాయని నీకు తెలుసు. అయినా దూరదేశపు పక్షిని బయల్దేరమని చెప్పేది మన ఎండ ఒక్కటే కాదు. ఫిబ్రవరి నుంచి పగలు పెరుగుతుంటే దాని ఒంట్లో హార్మోన్లు మారతాయి, ఆకలి పెరుగుతుంది, చర్మం కింద కొవ్వు చేరుతుంది. ఆ కొవ్వే దారి బత్తెం. మేత బాగా దొరికిన పక్షి తొందరగా సిద్ధమవుతుంది, దొరకనిది ఆలస్యంగా కదులుతుంది, లేదా మేత కోసం ముందు ఇంకో చోటికి మారి అక్కణ్ణుంచి బయల్దేరుతుంది. అందుకే ఏటేటా వారం పది రోజుల తేడా మామూలే. వాతావరణ మార్పు వలస తేదీలను కదిలించగలదు, అందులో అనుమానం లేదు. ఆ మాట మన చెరువు గురించి అనాలంటే మాత్రం మన చెరువు దగ్గర రాసిన పదేళ్ళ తేదీలు చేతిలో ఉండాలి.

ఇక రెండో ప్రశ్న. నువ్వు చదివిన పుస్తకాల్లో వసంతమంటే పక్షులు వచ్చే కాలం. అవి చలిదేశాల వాళ్ళు రాసుకున్నవి, అక్కడ అది నిజమే. మనకి వసంతం పక్షులు వెళ్ళే కాలం. మోదుగ పూసినప్పటి నుంచి తునికాకు కోతలు అయ్యేదాకా ఒక్కొక్కటిగా సెలవు తీసుకుంటాయి. అందువల్ల మన దగ్గర వసంతంలో అన్నిటికన్నా విలువైన సమాచారం ‘చివరిసారి ఎప్పుడు కనబడింది’ అన్నది. తొలిసారి కనబడిన తేదీ అందరికీ గుర్తుంటుంది. చివరి తేదీ ఎవరూ రాయరు, ఎందుకంటే అదే చివరిదని ఆ రోజు ఎవరికీ తెలియదు.

వెళ్ళే వరస రమారమి ఇలా ఉంటుంది. పెద్ద జలాశయాల మీద దిగే పట్టెతల బాతులు మార్చిలోనే కదిలిపోతాయి. టిబెట్, మంగోలియా వైపు వెళ్ళి గుడ్లు పెట్టే పక్షులవి. హిమాలయాలు దాటేటప్పుడు వాటి ఎత్తు కొలిచినవాళ్ళకి 7 వేల మీటర్లకు పైన కూడా దొరికాయి, ఎక్కువ భాగం మాత్రం కనుమల వెంట అంతకన్నా తక్కువలోనే వెళ్తాయి. సూదితోక బాతులు కూడా మార్చిలోనే పల్చబడతాయి. బాపన బాతులు జంటలు జంటలుగా నది ఇసుకలో ఏప్రిల్‌లో కూడా కనబడవచ్చు. బాతుల్లో ఆఖరున పోయేది గార్గనీ. అందరికన్నా ముందు ఆగస్టు, సెప్టెంబరుల్లో వచ్చేదీ అదే. చెరువు ఖాళీ అయిందనుకున్నాక ఏప్రిల్‌లో ఒకరోజు పొద్దున్నే పదో ఇరవయ్యో గార్గనీలు దిగి, మర్నాటికి లేకుండా పోతే ఆశ్చర్యపడకు. దక్షిణాది నుంచి పైకి పోతూ దారిలో మీ చెరువు దగ్గర ఆగినవి అయ్యుండొచ్చు. అలాంటి ఒక్కరోజు చుట్టాలను పట్టుకోవాలంటే ఖాళీ చెరువుకి కూడా వెళ్తూ ఉండాలి.

బాతులు పెద్దవి కనుక వాటి మీదే అందరి కళ్ళు. నాకు అంతకన్నా ఇష్టమైనవి చిన్నవి. ఏప్రిల్ మొదట్లో ఎండుతున్న శిఖంలో బర్రెల కాళ్ళ మధ్య చూడు. పసుపు వాగ్‌టెయిళ్ళు, అవే తోక ఆడించే పిట్టలు, చలికాలమంతా మట్టిరంగులో ఉండి ఏదేదో తేల్చుకోలేనివి, అప్పటికి పొట్ట నిమ్మపండు పసుపుకి తిరిగి, తల ఒకదానికి బూడిదరంగు, ఒకదానికి నలుపు తేలి ఉంటాయి. గుర్తుపట్టడానికి అదే సమయం. కరెంటు తీగల మీద వరసగా కూర్చునే వాన కోయిలల గుంపులు ఏప్రిల్‌లో ఒక్కసారిగా పెరిగి, మే వచ్చేసరికి తీగ ఖాళీ అవుతుంది. వాగు ఒడ్డు పొదల్లో చలికాలమంతా ‘చెక్, చెక్’ అని ఒకే మాట మీద ఉండే బ్లిత్స్ రీడ్ వార్బ్లర్, వెళ్ళబోయే ముందు ఏప్రిల్‌లో పొద్దుపొద్దున్నే సన్నగా పాడడం మొదలుపెడుతుంది. ఇతర పక్షుల గొంతులు కలుపుకుని పాడుతుంది, చెవి పెట్టి వింటే తప్ప దొరకదు. ఇలాంటి చిన్న పిట్టలు ఎక్కువగా రాత్రిపూట ప్రయాణం చేస్తాయి. నిన్న సాయంత్రం పొదలో ఉన్నది ఇవాళ పొద్దున లేదంటే రాత్రి బయల్దేరిందేమో అనుకోవాలి.

గులాబి గోరింకల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన ప్రాంతంలో ఎవరైనా మొదలుపెట్టదగ్గ పక్షి అదే. దుర్బిణి లేకపోయినా తెలుస్తుంది, గుంపులుగా ఉంటుంది, ఊరి పక్కనే ఉంటుంది. తూర్పు యూరప్ నుంచి మధ్య ఆసియాదాకా గుడ్లు పెట్టే ఈ పక్షులు అక్కడ పని ముగించుకుని జులై, ఆగస్టుకే మన దేశంలో దిగడం మొదలుపెడతాయి, ఏప్రిల్‌దాకా ఉంటాయి. అంటే ఏడాదిలో సగానికి పైగా మన దగ్గరే. ఫిబ్రవరి, మార్చిలో బూరుగు, మోదుగ చెట్లు ఆకులు రాల్చి ఎర్రగా పూసినప్పుడు ఆ చెట్టు కింద కాసేపు నిలబడు. పైన ఒకటే కిచకిచ. పువ్వులో ముక్కు దూర్చి తేనె తాగి తల బయటికి తీసేసరికి నుదుటి మీద పుప్పొడి అంటుకుని పచ్చగా ఉంటుంది. ఒంటి ఈకల కొనలకు చలికాలంలో మట్టిరంగు అంచు ఉంటుంది, అది అరిగిపోతున్నకొద్దీ అడుగునున్న గులాబి రంగు, నలుపు బయటపడతాయి. కొత్త ఈకలు రాకుండానే పక్షి కొత్తగా కనబడుతుంది. ఫిబ్రవరిలో మాసిన గుంపు ఏప్రిల్ నాటికి పెళ్ళిబట్టలు కట్టినట్టు తయారవుతుంది, ఆ వారంలోనే మాయం. జొన్న చేలమీద పడి గింజ తింటాయని రైతులకి వాటి మీద కోపం. మిడతలు కూడా విపరీతంగా తింటాయని, గుడ్లు పెట్టే చోట వాటి ముఖ్యమైన మేత మిడతలేనని చెబితే కొంత శాంతిస్తారు. మీ ఊళ్ళో గులాబి గోరింకల చివరి గుంపు ఏ రోజు కనబడిందో ఏటా రాస్తే చాలు, పనికొచ్చే పని చేసినవాడివి.

పాలపిట్ట, కంసాలి పిట్ట, పసిరిక పిట్టలు, వడ్రంగి పిట్టలు ఎటూ పోవు. ఎండాకాలం వాటికి గూళ్ళ కాలం, పసిరిక పిట్టలు మట్టి గట్ల బొరియల దగ్గర, మిగతావి ఎండిన చెట్ల తొర్రల దగ్గర కాపు కాస్తే దొరుకుతాయి.

అసలు విషయానికి వస్తున్నాను. మన ప్రాంతంలో ఎండాకాలమంటే నది. ప్రాణహిత, గోదావరి, కింద సోమనూర్ దగ్గర ఇంద్రావతి, మూడూ మన తాలూకా అంచుల వెంటే కలుస్తాయి. మార్చి నుంచి నీళ్ళు తగ్గి ఇసుక తిన్నెలు తేలితే, ఆ ఇసుక మీదే గుడ్లు పెట్టే పక్షులు ఉన్నాయి: మన బెస్తవాళ్ళు కొందరు రామదాసు అనే నది టెర్న్, దాని చుట్టమైన నల్లపొట్ట టెర్న్, నది తీతువు, పెద్ద కళ్ళ గ్రేట్ థిక్‌నీ, పిడికెడంత ఉండే చిన్న ప్రాటిన్‌కోల్, మెడకు నల్ల పట్టె ఉన్న చిన్న ఉల్లంకి. నల్లపొట్ట టెర్న్ ప్రపంచం మొత్తం మీద అంతరించే ప్రమాదంలో ఉన్న పక్షుల జాబితాలో ఉంది. సైబీరియా నుంచి వచ్చే బాతు తగ్గితే కారణం ఏ దేశంలో ఉందో వెతకాలి. ఈ ఇసుక పక్షులు తగ్గితే కారణం మన కళ్ళ ముందే ఉంటుంది. అందుకే నన్నడిగితే నీ ఎండాకాలపు సమయంలో సగం వీటికి ఇవ్వమంటాను.

ఏప్రిల్‌లో పొద్దున పదిన్నర దాటితే ఆ ఇసుక మీద చెప్పుల్లేకుండా కాలు పెట్టలేం. గూడంటూ ఏమీ ఉండదు. అరచేయంత గుంట, అందులో రెండో మూడో గుడ్లు, ఇసుక రంగు మీద ముదురు మచ్చలు. రెండడుగుల దూరంలో నిలబడి కూడా కనిపెట్టలేం. మిగతా పక్షులు గుడ్లకు వేడి ఇవ్వడానికి పొదుగుతాయి. ఇవి మిట్టమధ్యాహ్నం నీడ పట్టడానికి నిలబడతాయి. నది టెర్న్ నీటి మీదికి వెళ్ళి, పొట్ట ఈకలు తడిసేలా నీళ్ళను రాసుకుంటూ ఎగిరి, చుక్కలు కారుతుండగా తిరిగొచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. నది తీతువు కూడా ఇలాగే తడుపుతుంది. ఒకటి వెళ్ళేటప్పుడు రెండోది కాపలా. మనం ఫొటో కోసం ఆ తిన్నె మీద పావుగంట తిరిగితే ఆ రెండూ మన తల మీద అరుస్తూ తిరుగుతాయి, కింద గుడ్లు ఎండలో ఉడుకుతాయి. కుక్క తిన్నా, ట్రాక్టరు తొక్కినా, మనం ప్రేమగా నిలబడి చూసినా గుడ్డుకి జరిగేది ఒకటే. ఒడ్డు మీదినుంచి దుర్బిణితో చూడు. పక్షి లేచి అరిచిందంటే ఇప్పటికే దగ్గరికి వచ్చావని అర్థం, వెనక్కి రా.

తిన్నెలకి ఉన్న ముప్పులు నీకు తెలియనివి కావు. ఇసుక లారీలు, నదిలో దారి చేసుకుని దాటే బండ్లు, ఒడ్డు ఊళ్ళ కుక్కలు, ఇసుకలో వేసే పుచ్చ తోటలు, పైనుంచి ఉన్నట్టుండి వదిలే నీళ్ళు. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలు సరిగ్గా గుడ్ల కాలంలోనే వచ్చాయి. ఘాట్ల దగ్గర జనం మునిగితే పక్షికి నష్టం లేదు, నడి నదిలోని తిన్నెల మీదికి బండ్లు, పడవలు పోకపోతే చాలు. అధికారులకి ముందే చెప్పుకోవలసిన సంగతి ఇది.

గోదావరి మీది మేడిగడ్డ బ్యారేజీ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2019లో బ్యారేజీ మొదలయ్యాక నీళ్ళు నిలిపిన కాలంలో దాని ఎగువన ఎండాకాలపు ఇసుక చాలా భాగం నీటి కిందికి పోయింది. 2023 అక్టోబరులో పిల్లర్లు కుంగాక గేట్లు ఎత్తి ఉంచారు, తిన్నెలు మళ్ళీ బయటపడ్డాయి. బ్యారేజీ మంచిదా చెడ్డదా అన్న వాదనలోకి నేను పోను, అది సాగునీటి సంగతి, దానికి వేరే లెక్కలున్నాయి. పక్షుల లెక్కలో చూస్తే మాత్రం ఒకే నదిలో ఇసుక ఉండడం, పోవడం, మళ్ళీ రావడం అయిదారేళ్ళలోనే జరిగింది. 2019కి ముందు ఏ తిన్నె మీద ఎన్ని జంటల టెర్న్‌లు గుడ్లు పెట్టాయో ఏటా రాసినవాళ్ళు ఉండి ఉంటే, ఇవాళ అవి తిరిగొచ్చాయా లేదా అన్నది తేల్చి చెప్పగలిగేవాళ్ళం. రేపు మళ్ళీ నీళ్ళు నిలిపే రోజు రావచ్చు. ఆలోగా రాసిన ప్రతి ఎండాకాలమూ పనికొస్తుంది.

రాయకపోతే ఏమవుతుందో చెప్పడానికి మన సిరొంచకే ఒక ఉదాహరణ ఉంది. కలివికోడి అనే అరుదైన పక్షి పేరు చెప్పగానే అందరూ కడప జిల్లా లంకమల అంటారు. 1986లో అది మళ్ళీ దొరికింది అక్కడే. దానికి ముందు 19వ శతాబ్దంలో ఆ పక్షి కనబడిన చోట్ల జాబితాలో సిరొంచ, భద్రాచలం పేర్లు ఉన్నాయి. అంటే మన గోదావరి పొదల అడవిలో కలివికోడి ఉండేది. ఎప్పటిదాకా ఉంది? ఎందుకు పోయింది? 1900 తర్వాత 86 ఏళ్ళు దేశంలో ఎక్కడా దాన్ని చూసిన దాఖలా లేదు. మన వైపు అది ఏ దశాబ్దంలో ఆఖరుసారి తిరిగిందో చెప్పే కాగితం ముక్క ఒక్కటీ లేదు. ఈ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

దేశం మొత్తం మీద పోకడలు తెలియాలంటే 2023లో వచ్చిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక చూడు. దాదాపు 30 వేల మంది మనలాంటి వాళ్ళు నమోదు చేసిన 3 కోట్ల పరిశీలనల మీద కట్టిన లెక్క అది. మొత్తం 942 జాతులు చూశారు. దీర్ఘకాలపు పోకడ తేల్చగలిగినవి 338. అందులో 204 తగ్గాయి, 98 నిలకడగా ఉన్నాయి, 36 పెరిగాయి. స్థానిక పక్షులకన్నా దూరం నుంచి వచ్చే వలస పక్షులు ఎక్కువ దెబ్బతిన్నాయి. కనుక నీ భయం అర్థం లేనిది కాదు, దాన్ని మీ చెరువుకి అంటగట్టడానికే ఆధారం చాలదు. అదే నివేదికలో కోకిల, నెమలి పెరిగాయి. 30 శాతానికి పైగా తగ్గినందువల్ల ప్రపంచ స్థాయిలో ప్రమాద స్థితిని మళ్ళీ పరిశీలించాలని చెప్పిన 14 జాతుల్లో మన పాలపిట్ట ఉంది. తెలంగాణ రాష్ట్ర పక్షి, ఒడిశా రాష్ట్ర పక్షి కూడా అదే. దసరా నాడు దాన్ని చూడడానికి ఊరంతా పొలాల్లోకి పోయే మనం, మిగతా రోజుల్లో ఏ తీగ మీద ఎన్ని ఉన్నాయో చూడం.

ఇక రాయడం. చూసిన పక్షుల జాబితాలు నమోదు చేసే ఈబర్డ్ యాప్ ఫోన్లో పెట్టుకో, ఉచితం. ఫొటోనో కూతనో బట్టి గుర్తుపట్టడానికి తోడుగా మెర్లిన్ యాప్, అదీ ఉచితమే. మెర్లిన్ ‘విన్నాను’ అని చూపించిందల్లా రాసేయకు, నీ కంటికో చెవికో నిర్ధారణ అయినవే రాయి. సిగ్నల్ లేని చోట కూడా జాబితా ఫోన్లో దాగి ఉండి తర్వాత పంపుకోవచ్చు, మన అడవి ఊళ్ళకి అది పెద్ద సౌకర్యం.

ఒకే చోటు, ఒకే దారి, ఇంచుమించు ఒకే వేళ. చెరువు కట్ట ఈ చివర నుంచి ఆ చివరకి, పొద్దున ఏడు లోపు, కనీసం పావుగంట, వారానికి ఒకసారి. కాకి, పిచ్చుక, గువ్వతో సహా గుర్తుపట్టినవన్నీ రాయాలి. ఈ ‘అన్నీ’ అన్నది చాలా ముఖ్యం. కనబడినవన్నీ రాశానని యాప్‌లో చెప్పినప్పుడే, రాయనిది ఆ రోజు నీకు కనబడలేదని లెక్కకు వస్తుంది. అరుదైనవి మాత్రమే రాసేవాడి జాబితాలో గార్గనీ లేకపోతే, అది చెరువులో లేదో, ఇతను పట్టించుకోలేదో ఎవరికీ తెలియదు. పోకడలు కట్టేవాళ్ళు ముఖ్యంగా చూసేది నూరు పూర్తి జాబితాల్లో ఎన్నింటిలో ఆ పక్షి ఉందన్నదాన్ని. పక్షి కనబడని రోజు జాబితాకి కూడా అంతే విలువ. చివరి తేదీ దొరికేది కూడా ఇలాగే: సూదితోక బాతు మార్చి 12న ఉంది, 19న లేదు, 26న లేదు అని మూడు జాబితాలు ఉంటే, అది 12కీ 19కీ మధ్య పోయిందని ధైర్యంగా చెప్పగలం. 12 తర్వాత నువ్వు చెరువుకే పోకపోతే ఆ తేదీ పక్షిది కాదు, నీది.

గుంపు పెద్దదైతే పది పక్షులు ఎంత చోటు పడతాయో కళ్ళతో కొలిచి, ఆ కొలతతో మిగతా గుంపును లెక్కించు. లెక్క రాకపోతే ఉజ్జాయింపు రాయి, ఖాళీ మాత్రం వదలకు. వ్యాఖ్యలో తూము దగ్గర నీళ్ళు ఎంత ఉన్నాయి, శిఖంలో ఏం సాగు చేశారు, వలలు వేశారా అన్నది ఒక్క వాక్యం చేర్చు. పదేళ్ళ తర్వాత చదివేవాడికి పక్షుల సంఖ్యకన్నా ఆ వాక్యమే ఎక్కువ చెప్పవచ్చు. నది మీద చూసేటప్పుడు నువ్వు నిలబడిన ఒడ్డు సరిగ్గా గుర్తించు. ఇవతల మహారాష్ట్రలో గడ్చిరోలి, అవతల తెలంగాణలో భూపాలపల్లి, ఇంద్రావతి దాటితే ఛత్తీస్‌గఢ్‌లో బీజాపూర్. ఒక్క నదికి మూడు రాష్ట్రాల జాబితాలు. హైదరాబాద్, పుణే చుట్టుపక్కల నుంచి వచ్చినన్ని జాబితాలు మన మూల నుంచి రావు. మన మూల గురించి దేశపు లెక్కల్లో తెలిసేది మనం రాసినంతే.

జనవరిలో ఏటా ఆసియా నీటి పక్షుల లెక్కింపు జరుగుతుంది, 1987 నుంచి నడుస్తోంది. చలికాలంలో మీ చెరువు లెక్క అందులో చేర్చు. అప్పుడే మార్చిలో తగ్గాయా అన్నదానికి పోల్చుకోవడానికి ఒక మొదటి అంకె ఉంటుంది.

దుర్బిణి కొనేటట్టయితే 8×42, అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపే, 42 మి.మీ. అద్దాలున్నది చాలు. మెడలో అది వేలాడేసుకుని సరిహద్దు ఊళ్ళలో, అడవి అంచుల్లో తిరిగే ముందు ఊళ్ళో పోలీసు తరఫు పెద్ద అయిన పోలీస్ పాటిల్‌కి, అటవీశాఖ బీట్ గార్డుకి ఒక మాట చెప్పి వెళ్ళు. మన ప్రాంతం పరిస్థితి నీకు వేరే చెప్పనక్కర్లేదు. ఊళ్ళో పిల్లల్ని ఒకరిద్దరిని వెంట తీసుకుపో, పక్షులు ఎక్కడున్నాయో వాళ్ళకే బాగా తెలుసు. గూళ్ళు ఉన్న తిన్నెల ఫొటో, చోటు మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. ఇప్ప పూల కోసం చెట్ల కింద ఆకులు కాల్చే రోజుల్లో నేల మీద గుడ్లు పెట్టే నక్కరాయి పిట్టలు, కౌజులు చాలా నష్టపోతాయి. ఊళ్ళో ఏరేవాళ్ళతో మాట్లాడి, కాల్చే బదులు చెట్టు చుట్టూ ఊడ్చుకోమనో, పాత చీరలు, వలలు పరుచుకోమనో చెప్పగలిగితే చెప్పు. పువ్వు కూడా శుభ్రంగా దొరుకుతుంది కనుక వింటారు.

మే ఆఖరుకి కథ తిరగబడుతుంది, వచ్చేవాళ్ళు మొదలవుతారు. దక్షిణాదిలో, శ్రీలంకలో చలికాలం గడిపిన నవరంగి పిట్ట తొలకరికి ముందు పడే జల్లులతో మన టేకు, వెదురు అడవుల్లోకి వస్తుంది. తెల్లవారు జామున, మళ్ళీ పొద్దుగూకే వేళ రెండు ముక్కల ఈల వేస్తుంది. తొమ్మిది రంగులున్నా ఆకుల మధ్య కనబడదు, గొంతు పట్టుకునే వెతకాలి. ఆ తర్వాత చాతకం, నెత్తి మీద కొప్పు, నలుపు తెలుపు ఒళ్ళు. ఉత్తరాదికి, మధ్య భారతానికి వచ్చేవి ఆఫ్రికా నుంచి సముద్రం దాటి నైరుతి గాలుల వెంట వస్తాయి, గుంపుగా తిరిగే బ్యాబ్లర్ల గూళ్ళలో గుడ్లు పెడతాయి. వాటి తొలి కూత విన్న రోజు తప్పకుండా రాయి. మే మూడో వారం నుంచే పొద్దున జాబితాలు మొదలుపెట్టు, వినబడని రోజులవి కూడా ఉంటేనే ఆ తొలి తేదీ నిజంగా తొలి తేదీ అవుతుంది.